డబ్బా గేటు దాటాక: బడులు నడిపేవారికి ఒక తండ్రి లేఖ

గౌరవనీయులైన స్కూలు యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు, క్లాసు టీచర్లకు,

నమస్కారం.

మా ఇంట్లో మధ్యాహ్నం డబ్బాలు కట్టేది నేను. రోజూ నాలుగు. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయికి ఒకటి, రెండో తరగతి అమ్మాయికి ఒకటి, షిఫ్టుల్లో పనిచేసే మా ఆవిడకి ఒకటి, నాకొకటి. మా నలుగురిలో ఎవరికీ మధ్యాహ్నం తిండి వేడి చేసుకునే వీలు లేదు. అందుకే ఆరేళ్లుగా మా డబ్బాలన్నీ చల్లగా తినేవే. చల్లగా తిన్నా రుచి పోనివి, సాయంత్రం దాకా ఓపిక నిలిపేవి ఎలా కట్టాలో ఈ ఆరేళ్లలో చాలావరకు నేర్చుకున్నాను. డబ్బా మీ గేటు దాటాక దాన్ని కాపాడడం మాత్రం నా వల్ల కాదు. అది మీ చేతిలో ఉంది. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

అడిగేవి మూడు. డబ్బాలు పెట్టడానికి చల్లటి చోటు. కూర్చుని తినడానికి కచ్చితంగా ఇరవై నిమిషాలు. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కునే ఏర్పాటు. ఇందులో పెద్ద ఖర్చు పెట్టాల్సింది ఏమీ లేదని, కానీ ఇవి లేకపోతే ఇంట్లో మేం పడే శ్రమంతా వృథా అవుతుందని మీకు వివరంగా చెప్పాలని ఉంది. కాస్త పెద్ద లేఖే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

పోయిన ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఓ సాయంత్రం మా అమ్మాయికి వాంతులు పట్టుకున్నాయి. రాత్రంతా అదే వరస. తెల్లారేసరికి పిల్ల నీరసించి, కళ్లు లోపలికి పోయి, మంచినీళ్లు కూడా కడుపులో నిలవని స్థితికి వచ్చింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ముందుగా "నిన్న మధ్యాహ్నం ఏం తింది?" అని అడిగారు. ఉడికించిన గుడ్డు, బంగాళాదుంప ముక్కలు, పెరుగు కలిపి కట్టానని చెప్పాను. "తినేదాకా అది ఎక్కడుంది?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. పొద్దున ఏడింటికి మూత బిగించి పంపిన డబ్బా, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి పిల్ల చేతికి వచ్చేదాకా ఎక్కడుంటుందో అన్నాళ్లలో ఒక్కసారి కూడా నేను అడగలేదు. డబ్బా వల్లే ఇలా అయిందని ఆవిడ అనలేదు, నేనూ ఖాయంగా అనలేను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తర్వాతి వారం అనుమతి అడిగి బడి లోపలికి వెళ్లి చూశాను. క్లాసు బయట వరండాలో ఒక అర ఉంది. లంచ్ బ్యాగులన్నీ అందులో ఒకదాని మీద ఒకటి కుక్కి ఉన్నాయి. పదింటి నుంచి ఎండ నేరుగా ఆ అర మీదే పడుతోంది. టీచరమ్మని తప్పుపట్టడం లేదు. నలభై మంది పిల్లల్ని చూసుకునే మనిషి ఆవిడ. ఆ అరని అక్కడ పెట్టించింది కూడా ఆవిడ కాదు. మర్నాడు డబ్బాతో పాటు ఒక చిన్న థర్మామీటర్ పంపి, తినే ముందు అంకె చూసి రాసిపెట్టమని అబ్బాయికి చెప్పాను. వాడు చెల్లెలి బ్యాగు తెరిచి చూసి రాశాడు. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు 4 డిగ్రీలున్న తిండి, తినే వేళకి 26 డిగ్రీలు. లోపల ఐస్ ప్యాక్ ఉంది. అది పూర్తిగా కరిగిపోయి మెత్తగా, వెచ్చగా ఉందట.

ఈ అంకె ఎందుకు భయపెట్టాలో చెప్తాను. తిండిలో ఉండే సూక్ష్మజీవులు చురుగ్గా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. వండిన తిండిని 5 డిగ్రీల లోపు చల్లగానో, 60 డిగ్రీల పైన వేడిగానో ఉంచమని, మామూలు గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే అని అమెరికా వ్యవసాయ శాఖ సలహా. అనుకూలంగా ఉన్నచోట కొన్ని రకాల బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఏడింటి నుంచి పన్నెండూ నలభై దాకా లెక్కేస్తే పదిహేడు రెట్టింపులు. అంటే ఒక్కటి 1,31,072 అవుతుంది. చల్లగా బయల్దేరిన తిండిలో మొదటి గంటల్లో ఈ వేగం ఉండదు, నిజమే. కానీ తిండి ఎంత తొందరగా వేడెక్కితే ఆ లెక్క అంత ముందుగా మొదలవుతుంది. ఎండలో పెట్టిన అర చేసేది ఆ పనే.

వాసన చూస్తే తెలిసిపోతుంది కదా అని చాలామంది నాతో అన్నారు. తెలియదు. జబ్బు చేసే మోతాదులో సూక్ష్మజీవులున్నా వాసన, రంగు, రుచి మారకుండానే ఉండొచ్చు. వేడి చేస్తే పోతుంది కదా అని ఇంకొందరు అన్నారు. అన్నీ పోవు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా గింజలాంటి రూపంలో వంటని తట్టుకుని మిగిలిపోతుంది. వండిన అన్నం బయట ఊరికే ఉంటే మళ్లీ లేచి పెరిగి, వాంతులు చేయించే విషాన్ని వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. చేతుల నుంచి వచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే ఇంకో బాక్టీరియా వదిలే విషం కూడా అంతే. కాబట్టి "మా బడిలో మైక్రోవేవ్ పెట్టాం, ఇక ఫ్రిజ్ ఎందుకు" అనేవారికి నేను చెప్పేది ఇదే. తినబోయే ముందు వేడి చేయడం కంటే అప్పటిదాకా చల్లగా ఉంచడం ముఖ్యం.

ఇది నా ఒక్కడి అనుమానమని అనుకోకండి. 2011లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలోని టెక్సస్‌లో తొమ్మిది శిశు సంరక్షణ కేంద్రాలకు తల్లిదండ్రులు కట్టి పంపిన 705 డబ్బాల్ని పరిశోధకులు తినే వేళకి గంటన్నర ముందే తెరిచి, లోపలి పదార్థాల వేడి కొలిచారు. పాడయ్యే గుణమున్న పదార్థాల్లో సురక్షితమైన చల్లదనంలోనో వేడిలోనో ఉన్నవి నూటికి రెండు కూడా లేవు. కచ్చితంగా చెప్పాలంటే 1.6 శాతం. ఒకటికి మించి ఐస్ ప్యాక్‌లు పెట్టిన డబ్బాల్లో కూడా నూటికి తొంభైకి పైగా పదార్థాలు ఆ హద్దు దాటేసి ఉన్నాయి. ఈ చివరి వాక్యం చదివిన రోజు చాలాసేపు ఆలోచించాను. ఐస్ ప్యాక్ పెట్టాను, నా బాధ్యత తీరింది అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. ఇంట్లో ఎంత జాగ్రత్త పడ్డా, డబ్బా ఉండే చోటు బాగుండకపోతే ఆ జాగ్రత్త మధ్యాహ్నం దాకా ఆగదు.

అలాగని భారమంతా మీ మీద వేసి చేతులు దులుపుకోవడం లేదు. చల్లటి డబ్బా అంటే రాత్రి మిగిలింది మూతపెట్టి పంపడమని కొందరి అభిప్రాయం. అది నిజం కాదు. వేడి వంట కంటే దీనికే ఎక్కువ ముందుచూపు కావాలి. అందుకే మేం ఏం చేస్తామో కాస్త వివరంగా రాస్తున్నాను.

మా డబ్బాలు ముందు రోజు రాత్రే తయారవుతాయి. దానికి కారణం ఉంది. ఐస్ ప్యాక్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా నిలపగలదు గానీ, వెచ్చగా ఉన్నదాన్ని చల్లబరిచే బలం దానికి లేదు. పొద్దున్నే వండి, ఆవిర్లు పోయేదాకా ఆగి, గోరువెచ్చగా ఉండగానే మూతపెట్టి, మీద ఐస్ ప్యాక్ పెట్టి పంపితే, ఆ ఐస్ అంతా తిండిలోని వేడిని పీల్చడానికే ఖర్చయిపోతుంది. ఇంకా దారిలో ఉండగానే కరిగిపోతుంది. అందుకని రాత్రి వండింది వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, తొందరగా చల్లార్చి, డబ్బాల్లో సర్ది, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. అన్నం విషయంలో మరీ పట్టుదల. వండిన గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మర్నాటితో అయిపోవాలి. గిన్నెలో ముద్దగా వదిలేస్తే నడిమధ్యలో వేడి గంటల తరబడి అలాగే ఉంటుంది. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది కాబట్టి మోసపోతాం.

చల్లటి తిండి పిల్లలు తినరనేది పెద్ద ఫిర్యాదు. మా ఇంట్లోనూ మొదట్లో డబ్బాలు సగం సగం తిరిగొచ్చేవి. కారణం పిల్లల పేచీ కాదు, నా వంటే అని తర్వాత అర్థమైంది. వేడిగా ఉన్నప్పుడు తెలిసే తీపి, వాసన చల్లారాక నాలుకకి, ముక్కుకి అంతగా తెలియవు. వేడి మీద రుచి చూసి సరిపోయిందనుకున్నది చల్లగా తింటే చప్పగా ఉంటుంది. ఉప్పు పెంచడం దీనికి మందు కాదు. రోజు మొత్తానికి పెద్దవాళ్లకే ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలంటారు, పిల్లలకి అంతకంటే తక్కువే. పులుపు పెంచాలి. నిమ్మరసం, పచ్చి ఆకుల వాసన, వేయించిన నువ్వులు, కాస్త మిరియం. ఇప్పుడు నేను ఉప్పూ పులుపూ సరిచూసేది తిండి ఫ్రిజ్‌లోంచి తీసిన తర్వాతే.

రెండోది నూనె సంగతి. వెన్న చల్లబడితే పేరుకుని నాలుకకి అంటుకుంటుంది. చల్లగా తినేవాటికి ఫ్రిజ్‌లో పేరుకోని నూనెలే బాగుంటాయి. మూడోది పిండిపదార్థం. అన్నం ఫ్రిజ్‌లో పెడితే బిరుసెక్కుతుందని అందరికీ తెలుసు. ఉడికినప్పుడు విడిపోయిన పిండి అణువులు చల్లబడుతున్నకొద్దీ మళ్లీ దగ్గరకు చేరి గట్టిపడతాయి. సన్నని పొడవు గింజలో ఈ బిరుసుతనం ఎక్కువ, పొట్టి గింజలో తక్కువ. అందుకే చల్లటి డబ్బాకి పొట్టి గింజ బియ్యాన్ని కాస్త మెత్తగా వండుతాను, వేడిగా ఉన్నప్పుడే చెంచాడు నూనె, నిమ్మరసం కలుపుతాను. పాస్తాకి ఆ బాధ అంతగా ఉండదు, చల్లగా కూడా బాగుంటుంది. బ్రెడ్ మాత్రం ఫ్రిజ్‌లోనే తొందరగా గట్టిపడుతుంది. దాన్ని బయటే ఉంచి, మధ్యలో పెట్టేదాన్ని మాత్రం చల్లగా ఉంచి, పొద్దున కలుపుతాను. బ్రెడ్ ముక్కలకి రెండువైపులా లోపల పలచగా వెన్నో, మెత్తగా నూరిన శనగల ముద్దో పూస్తే తడి లోపలికి దిగదు. టమాటా, కీరా ముక్కలు విడి డబ్బాలో వెళ్తాయి, తినేటప్పుడు పిల్లలే పెట్టుకుంటారు. మా చిన్నదానికి ఈ కూర్పు పని చాలా ఇష్టం. తన చేత్తో తయారు చేసుకుంది కాబట్టి మొత్తం తింటుంది.

డబ్బాలో ఏముండాలి అనేదానికి మా ఇంటి పద్ధతి తేలికైనదే. సగం కూరగాయలు, పళ్లు. మిగిలిన సగంలో ఒక వంతు గింజధాన్యం, ఒక వంతు మాంసకృత్తులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే 400 గ్రాముల కూరగాయలు, పళ్లు రాత్రి భోజనం ఒక్కదాంతో పూర్తి కావు. మధ్యాహ్నం డబ్బాలో కొంత పడాల్సిందే. శనగలు, రాజ్మా, పప్పులు ఉడికించి చల్లార్చితే చాలా బాగుంటాయి, అన్నంలా బిరుసెక్కవు. వాటిలో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన సి విటమిన్ ఉండాలి. అందుకే శనగల మీద నిమ్మరసం, పక్కన పచ్చి క్యాప్సికం ముక్కలో నారింజ తొనలో తప్పనిసరి. ఎదిగే వయసులో ఉన్న పిల్లలకి, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఇది చిన్న విషయం కాదు. కోసిన ఆపిల్ నల్లబడిందని పారేసే పిల్లల కోసం ముక్కల్ని నిమ్మరసం కలిపిన నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీస్తే చాలు. ద్రాక్షపళ్లు పెడితే అయిదేళ్ల లోపు పిల్లలకి నిలువుగా చీల్చి పెట్టాలి. గుండ్రంగా ఉంటే గొంతుకి అడ్డం పడతాయి. మీ నర్సరీ ఆయాలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇక చల్లదనం. ఒక కిలో మంచు కరగడానికి పీల్చుకునే వేడితో ఒక కిలో నీళ్లని 0 నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా వేడి చేయొచ్చు. మంచు బలం అంతా ఆ కరగడంలోనే ఉంది. అందుకే ఊరికే చల్లగా ఉన్న నీళ్ల బాటిల్‌కీ, గడ్డకట్టిన బాటిల్‌కీ అంత తేడా. మేం రెండు ఐస్ ప్యాక్‌లు పెడతాం, డబ్బా కింద ఒకటి, పైన ఒకటి. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి ఒకటే ఉంటే పైన పెడతాం. తాగే నీళ్ల బాటిల్‌ని మూడొంతులు నింపి గడ్డకట్టించి పక్కన నిలబెడతాం. మధ్యాహ్నానికి అది కరిగి చల్లటి మంచినీళ్లవుతాయి. కొన్ని బడుల్లో ఈ బాటిల్స్ కారి పుస్తకాలు తడుస్తున్నాయని వద్దంటున్నారు. దయచేసి వద్దనకండి. బాటిల్‌కి ఒక గుడ్డ చుట్టి పంపమని మాకు చెప్పండి, పంపుతాం.

మంచు మర్చిపోయిన రోజులూ ఉంటాయి. అలాంటి రోజుల కోసం మా ఇంట్లో చల్లదనం అక్కర్లేని డబ్బా ఒకటి అనుకుని ఉంచుకున్నాం. పల్లీ ముద్ద పూసిన బ్రెడ్, కోయని పళ్లు, వేయించిన శనగలు, ఎండు పళ్లు. అందులో గుడ్డు, మాంసం, పాలు, పెరుగు, ఉడికించిన అన్నం, కోసిన పళ్లు ఏవీ ఉండవు. మీ బడిలో పల్లీ ఎలర్జీ ఉన్న పిల్లలుంటే మాత్రం ఆ సంగతి సంవత్సరం మొదట్లోనే రాతపూర్వకంగా చెప్పండి. ఒక్క పిల్ల ప్రాణానికి ముప్పు ఉందంటే పల్లీ మానేయడానికి ఏ తల్లీ తండ్రీ వెనకాడరు. చెప్పకపోతేనే ఇబ్బంది.

ఇంతవరకు మా పని. ఇక్కడి నుంచి మీది.

చల్లటి చోటు అంటే ప్రతి క్లాసుకీ ఫ్రిజ్ కొనమని కాదు. ఉంటే మంచిదే. ఉన్నా దాన్ని వాడే తీరు తెలియాలి. చల్లదనాన్ని నిలపడానికి చేసిన మందపాటి లంచ్ బ్యాగుని జిప్ వేసి అలాగే ఫ్రిజ్‌లో పెడితే బయటి చలి లోపలికి పోదు. ఆ బ్యాగు వేడిని ఆపినట్టే చలినీ ఆపుతుంది. జిప్ తీసి, మూత తెరిచి పెట్టాలి. లేదా డబ్బా ఒక్కదాన్నే తీసి పెట్టాలి. బ్యాగుల మధ్య గాలి ఆడే సందు ఉండాలి. రోజుకొకసారి లోపలి థర్మామీటర్ చూసి 5 డిగ్రీలు దాటలేదని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. అయిదు లోపు ఉంటే చాలు, గడ్డకట్టక్కర్లేదు.

ఫ్రిజ్ కుదరని చోట పెద్ద ఐస్ పెట్టె ఒకటి క్లాసుకి సరిపోతుంది. చేపలూ కూల్‌డ్రింకులూ తీసుకెళ్లడానికి వాడే మందపాటి గోడల పెట్టె. అడుగున కొంత మంచు, మధ్యలో డబ్బాలు, వాటి మీద ఇంకొంత మంచు, గట్టి మూత. విడివిడిగా ఉన్న ముప్పై చిన్న బ్యాగుల కంటే ఒక్క పెద్ద పెట్టె చల్లదనాన్ని ఎక్కువసేపు నిలుపుతుంది. చల్లటి వస్తువులు ఒకచోట గుమిగూడి ఉంటే ఒకదాన్నొకటి కాచుకుంటాయి. పొద్దున బెల్ కొట్టగానే నింపి మూసేయాలి, మధ్యాహ్నం దాకా తెరవకూడదు. మంచు మేం తెచ్చిస్తాం. వంతులు వేసుకుని రోజుకిద్దరు తల్లిదండ్రులం తెస్తాం. మా క్లాసులో ఇప్పటికే పదకొండు మంది ఒప్పుకున్నారు.

అది కూడా ఇప్పుడే కుదరదంటే, కనీసం అర చోటు మార్చండి. ఎండ పడని గోడ పక్కకి, కిటికీకి దూరంగా, నేల మీద కాకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా. ఇది ఒక్క మధ్యాహ్నం పని.

రెండోది సమయం. మా అమ్మాయి బడిలో లంచ్ బ్రేక్ 30 నిమిషాలు. వినడానికి చాలనిపిస్తుంది. కానీ అందులో క్లాసులోంచి వరసగా నడవడం, చేతులు కడుక్కోవడానికి నిలబడడం, డబ్బా మూత రాక టీచర్ని పిలవడం, తిన్నాక తుడవడం, మళ్లీ వరస కట్టడం అన్నీ ఉన్నాయి. ఇవన్నీ పోగా తినడానికి మిగిలేది పది పన్నెండు నిమిషాలు. అమ్మాయి నెమ్మదిగా నమిలే పిల్ల. తొందరపెడితే ముందు వదిలేసేది కూరగాయ ముక్కల్నే, ఎందుకంటే నమలడానికి ఎక్కువసేపు పట్టేవి అవే. 2015లో హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయం పరిశోధకులు బడిపిల్లల్ని గమనించి చెప్పింది కూడా ఇదే. కూర్చుని తినడానికి 25 నిమిషాలు దొరికిన పిల్లలతో పోలిస్తే, 20 నిమిషాల లోపే దొరికిన పిల్లలు భోజనంలోని ప్రధాన వంటకం 13 శాతం, కూరగాయలు 12 శాతం తక్కువ తిన్నారు. అందుకే నేనడిగే ఇరవై నిమిషాలు కూర్చున్నాక లెక్కపెట్టేవి. గంట కొట్టినప్పటి నుంచి లెక్కపెట్టేవి కావు.

మీరు ఒక్క పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఇంకొకటుంది. ఆట విరామాన్ని ముందు పెట్టి, భోజనాన్ని దాని తర్వాత పెట్టండి. భోజనమే ముందుగా పెడితే పిల్లల మనసంతా బయట ఆట మీదే ఉంటుంది. రెండు ముద్దలు తిని మూతపెట్టి పరిగెడతారు. అదే 2015లో ప్రివెంటివ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆటని భోజనానికి ముందుకి జరిపిన బడుల్లో పిల్లలు తినే పళ్లు, కూరగాయలు 54 శాతం పెరిగాయి. ఆడి, అలిసి, ఆకలితో వచ్చి కూర్చున్న పిల్లకి క్యారెట్ ముక్క కూడా రుచిగా ఉంటుంది.

ఆడి వచ్చిన చేతులు కడగాలి. ఇది మూడోది. చల్లటి తిండి తినే ముందు మళ్లీ వేడి చేయం కదా, చేతికున్నది నేరుగా నోట్లోకి పోతుంది. స్టెఫిలోకాకస్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముక్కులో, చర్మం మీద కూడా ఉంటుంది. ముక్కు తుడుచుకున్న చేత్తో శాండ్‌విచ్ పట్టుకోవడం పిల్లల్లో మామూలే. నలభై మందికి ఒక్క కుళాయి ఉంటే ఎవరూ ఇరవై సెకన్లు సబ్బు రుద్దుకోలేరు. రెండు బకెట్లకి కుళాయిలు బిగించి బల్ల మీద పెట్టినా సరిపోతుంది. సబ్బు మాత్రం నిండుకోకుండా చూడండి. మేం ఇస్తామన్నా తీసుకోండి.

ఈ మూడూ కాక ఇంకో మాట. దీనికి ఏర్పాట్లేవీ అక్కర్లేదు, మనసు పెడితే చాలు. రెండేళ్ల క్రితం ఒకరోజు మా అబ్బాయి డబ్బా తెరవకుండానే తిరిగి తెచ్చాడు. ఎంత అడిగినా చెప్పలేదు. రాత్రి పడుకునేముందు వాళ్లమ్మతో చెప్పాడు. తోటివాళ్ల ముందు ఒకరు వాడి డబ్బాలోకి చూసి "రోజూ ఈ చల్లటిదేనా, ఇంట్లో వండేవాళ్లు లేరా?" అన్నారట. అన్నవారి ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు, పిల్లాడి మీద జాలితోనే అని ఉండొచ్చు. కానీ ముందు రోజు రాత్రి పదింటిదాకా నిలబడి శనగలు ఉడికించి, చల్లార్చి, వాడికిష్టమైన నువ్వులు వేయించి కలిపినవాడిని నేను. వాడు ఆ తర్వాత నెల రోజులు డబ్బాని ఒళ్లో దాచుకుని తిన్నాడు. పిల్లల డబ్బాలో ఏదైనా సరిగా లేదనిపిస్తే మాకు చీటీ రాయండి, ఫోన్ చేయండి, పిలిచి చెప్పండి. పిల్లల ముందు మాత్రం వద్దు.

అలాగే మిగిలిన తిండిని బడిలో పారేయించకండి. శుభ్రత కోసమే చేస్తున్నారని తెలుసు. కానీ ఖాళీ డబ్బా చూసి అంతా తిన్నారనుకుంటాం. ఏది వదిలేశారో చూస్తేనే రేపటి డబ్బా మార్చగలం. మిగిలినది సాయంత్రం తిననివ్వం. అన్ని గంటలు బయట ఉన్నది పారేయాల్సిందేనని మాకూ తెలుసు. ఇంటికొచ్చి మేం చూశాక పారేస్తాం.

మా ఆవిడ పనిచేసే చోట కూడా ఇదే కథ. ఉద్యోగులకి ఒక్క చిన్న ఫ్రిజ్, వారం క్రితం మర్చిపోయిన డబ్బాలతో ఎప్పుడూ నిండి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం పేరు లేని డబ్బాలన్నీ తీసేస్తామని ఆవిడే ఒక కాగితం రాసి తలుపుకి అంటించింది. అప్పటి నుంచి అందరివీ పడుతున్నాయి. పెద్దవాళ్లు తమకి కావాల్సింది అడిగి తీసుకోగలరు. ఏడేళ్ల పిల్ల "నా డబ్బా ఎండలో ఉంది, లోపల పెట్టండి" అని అడగలేదు. దానికా సంగతి తెలియను కూడా తెలియదు.

మీలో చాలామంది కూడా తల్లులు, తండ్రులే. పొద్దున్నే పిల్లల డబ్బాలు సర్ది బడికి వస్తున్నవారే. నేను చెప్పినవి చేయడానికి ఎవరి ఆర్డరూ రావక్కర్లేదు. రేపు మూడో పీరియడ్ అయ్యాక ఒక్కసారి డబ్బాలు పెట్టే అర దగ్గరికి వెళ్లండి. ఏదో ఒక బ్యాగు జిప్ తీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే నాకు చెప్పండి, నా లేఖ వెనక్కి తీసుకుంటాను. వెచ్చగా ఉంటే కూడా చెప్పండి. శనివారం నేను ఖాళీ. అర జరపడానికి వస్తాను, ఐస్ పెట్టె మోయడానికి ఇంకో నలుగుర్ని తీసుకొస్తాను.

ఇట్లు,
రెండో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లల తండ్రి